ట్యాక్స్‌లో ఆర్టికల్స్... పెద్ద బోర్డు చూడాలా, పెద్ద పని చూడాలా?

కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చేసింది. జీఎస్టీ శ్లాబులు మారాయి. సీఏ ప్రాక్టికల్ శిక్షణ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఇలాంటి సమయంలో జగ్గయ్యపేట, నందిగామల నుంచి హైదరాబాద్ పెద్ద ఆఫీసుల వైపు చూస్తున్న కామర్స్ విద్యార్థులు తేల్చుకోవాల్సింది ఏమిటి?

బీకాం చదువుతూ సీఏ ఇంటర్ రాస్తున్నారా? అయితే రిజల్ట్ వచ్చిన రోజు నుంచే మీ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ నడుస్తుంది. ‘బిగ్ ఫోర్‌కి అప్లై చేశావా?’ డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ. ఈ నాలుగు పేర్లలో ఒకటి రెజ్యూమెలో ఉంటే చాలు, జీవితం సెటిలైపోయినట్టే అనుకునేవాళ్లు చాలామంది. ఇంకోవైపు ఇంట్లోవాళ్లు ‘మన ఆడిటర్ గారి దగ్గరే చేరితే పోదా, రోజూ ఇంటికొచ్చి అన్నం తినొచ్చు’ అంటారు.

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం (2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా) విద్యార్థికి ఈ ప్రశ్న అక్షరాలా రోడ్డు మీదే ఉంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఒకవైపు బస్సెక్కితే విజయవాడలోని మధ్యతరహా ఆఫీసులు, రెండోవైపు ఎక్కితే హైదరాబాద్‌లోని పెద్ద సంస్థలు. ఎక్కకపోతే ఊళ్లోని ఆడిటర్ గారి ఆఫీసు. మూడింటిలోనూ రాసిచ్చే శిక్షణ సర్టిఫికెట్ విలువ ఇన్‌స్టిట్యూట్ దృష్టిలో ఒకటే. మీరు నేర్చుకునేది మాత్రం ఒకటి కాదు. ఎక్కడ చేరాలన్నది బోర్డు చూసి కాదు, ఆ ఆఫీసు మీ చేతికి ఏ ఫైల్ ఇస్తుందో చూసి తేల్చుకోవాలి. ఎందుకో చూద్దాం.

ముందు ఈ తేడా తెలుసుకోండి

పెద్ద సంస్థ పేరు ఒక్కటే అయినా, లోపలికి వెళ్లే గేట్లు రెండు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

మొదటిది ఆర్టికల్‌షిప్. ఇది 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం కింద ఏర్పడిన ఐసీఏఐ నిబంధనల ప్రకారం జరిగే శిక్షణ. ప్రాక్టీసులో ఉన్న ఒక సీఏ పేరు మీద మీ రిజిస్ట్రేషన్ జరుగుతుంది. ఆయన్నే ప్రిన్సిపల్ అంటారు. మీకు వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. ఇది పూర్తయితేనే సీఏ ఫైనల్ రాయగలరు.

రెండోది హైదరాబాద్‌లో ఉన్న గ్లోబల్ డెలివరీ సెంటర్లలో ఉద్యోగం. అమెరికా కంపెనీలు, పార్ట్‌నర్‌షిప్‌లు, వ్యక్తుల రిటర్నులు ఇక్కడ తయారవుతాయి. వ్యక్తులకు ఫారం 1040, కంపెనీలకు 1120, పార్ట్‌నర్‌షిప్‌లకు 1065. మార్చి 15, ఏప్రిల్ 15 గడువుల ముందు అక్కడ ఊపిరాడదు. బీకాం, ఎంకాం, ఎంబీఏ చేసినవాళ్లను తీసుకుంటారు. అమెరికా ట్యాక్స్ విభాగం ఐఆర్‌ఎస్ నిర్వహించే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష మూడు భాగాలు పాసైతే ఎదుగుదలకు పనికొస్తుంది. ఇది మంచి ఉద్యోగమే. కానీ దీన్ని సీఏ ఆర్టికల్‌షిప్‌గా లెక్కపెట్టరు. ‘ముందు ఇందులో చేరి, తర్వాత ఆర్టికల్స్‌గా మార్చుకుందాం’ అనుకుంటే కుదరదు.

ఇవి కాక డిగ్రీలో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్ చట్టం కింద వచ్చే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్ వేరు. ఆఫర్ లెటర్‌లో ‘ట్యాక్స్ ట్రెయినీ’, ‘ట్యాక్స్ అప్రెంటిస్’ అని కనిపించగానే సంబరపడొద్దు. ‘ఇది ఐసీఏఐలో రిజిస్టర్ అయ్యే ఆర్టికల్‌షిప్పేనా? ప్రిన్సిపల్ ఎవరు?’ అని రాతపూర్వకంగా అడగండి. ఈ ఒక్క ప్రశ్న మీ రెండేళ్లను కాపాడుతుంది.

రెండేళ్ల లెక్క

2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఇంటర్‌లో రెండు గ్రూపులూ పాసై, నాలుగు వారాల ఐసీఐటీఎస్ఎస్ శిక్షణ (ఐటీ, ఓరియంటేషన్) పూర్తి చేశాకే చేరాలి. రెండేళ్లు ముగిశాక మరో ఆరు నెలలు చదువుకోడానికి వదిలి, ఆ తర్వాత ఫైనల్ రాయనిస్తారు. డిగ్రీ పూర్తిచేసి నేరుగా ఇంటర్‌లో చేరేవారికి (కామర్స్ వాళ్లకు 55 శాతం, ఇతరులకు 60 శాతం మార్కులు ఉండాలి) కూడా ఇదే వరస.

ఏడాది తగ్గిందంటే సంతోషమే. కానీ దాని రెండో ముఖం కూడా చూడాలి. మూడేళ్లున్నప్పుడు మొదటి ఏడాది ఫైళ్లు సర్దడంలో, వోచర్లు చూడటంలో పోయినా మిగతా రెండేళ్లు పని నేర్చుకోడానికి ఉండేవి. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. మొదటి ఆరు నెలలు ఒకే రకం ఎక్సెల్ షీటుతో గడిచిపోతే శిక్షణలో పావు వంతు పోయినట్టే. చివరి ఏడాదిలో తొమ్మిది నుంచి 12 నెలలు ఏదైనా కంపెనీలో ఇండస్ట్రియల్ ట్రెయినింగ్‌కి వెళ్లే వీలుంది. అలా వెళితే ఆడిట్ ఆఫీసులో మీకు మిగిలేది ఏడాది పైచిలుకే.

ఇంకో మాట. పెద్ద సంస్థ పిలుపు కోసం ఎదురుచూస్తూ నాలుగైదు నెలలు ఖాళీగా కూర్చునేవాళ్లు ఉన్నారు. రెండేళ్ల గడియారం రిజిస్ట్రేషన్ రోజునే మొదలవుతుంది. అక్కడ ఆలస్యమైతే ఫైనల్ అటెంప్టు కూడా వెనక్కి జరుగుతుంది. ఎదురుచూడటానికి ఒక తేదీ పెట్టుకోండి. అది దాటితే రెండో ఎంపికకు వెళ్లిపోవాలి.

పెద్ద ఆఫీసులో పని ఎలా ఉంటుంది?

పెద్ద సంస్థలో ‘ట్యాక్స్’ అనేది ఒక గది కాదు, ఒక వీధి. డైరెక్ట్ ట్యాక్స్, ఇన్‌డైరెక్ట్ ట్యాక్స్, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్, అంతర్జాతీయ పన్నులు, విదేశాలకు వెళ్లే ఉద్యోగుల పన్నులు, విలీనాలు, లిటిగేషన్. ఒక్కోటి ఒక్కో టీమ్. మిమ్మల్ని ఒక టీమ్‌లో వేస్తారు. చాలాసార్లు రెండేళ్లూ అందులోనే.

ఉదాహరణకు డైరెక్ట్ ట్యాక్స్ కంప్లయన్స్ టీమ్‌లో పడ్డారనుకుందాం. ఒక పెద్ద కంపెనీకి ఏడాదిలో వచ్చిన టీడీఎస్ ఎంట్రీలు వేలల్లో ఉంటాయి. కంపెనీ పుస్తకాల్లో ఉన్నది, పన్ను శాఖ పోర్టల్‌లో 26ఏఎస్‌లో కనిపించేది పక్కపక్కన పెట్టి సరిచూడాలి. తేడా ఎందుకొచ్చిందో కనుక్కోవాలి. ట్యాక్స్ ఆడిట్ సీజన్‌లో రిపోర్టుకు కావాల్సిన ఒక్కో క్లాజుకు లెక్కలు సిద్ధం చేయాలి. స్క్రూటినీ నోటీసు వస్తే అడిగిన కాగితాలు సమకూర్చి, జవాబు చిత్తుప్రతి రాయాలి. ఇప్పుడు అసెస్‌మెంట్లు ఫేస్‌లెస్ పద్ధతిలో జరుగుతున్నాయి కాబట్టి అధికారి ఎదుట కూర్చుని నచ్చజెప్పే సందర్భాలు తగ్గాయి. మీరు రాసిన కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇక్కడ మీకు దొరికేది లోతు, క్రమశిక్షణ. ప్రతి అంకెకూ ఒక ఆధారం ఉండాలి, ప్రతి షీటూ ఇంకొకరు చూడాలి, ప్రతి అభిప్రాయం వెనకా ఒక సెక్షనో తీర్పో ఉండాలి. ఈ అలవాటు జన్మంతా పనికొస్తుంది. దొరకనిది వెడల్పు. ఒక కంపెనీ పన్నుల్లో ఒక ముక్క మాత్రమే మీ చేతికొస్తుంది. ఆ ముక్క మొత్తంలో ఎక్కడ అతుక్కుంటుందో ఎవరూ చెప్పకపోతే మీకు తెలియదు.

ఊళ్లోని ఆడిటర్ గారి ఆఫీసులో ఇది తలకిందులు. ఒకే వారంలో కిరాణా హోల్‌సేల్ షాపు జీఎస్టీ రిటర్ను, స్కూలు టీడీఎస్, మిల్లు బ్యాంకు లోను కాగితాలు, పొలం అమ్మిన రైతు సందేహం అన్నీ మీ ముందుకొస్తాయి. క్లయింటు ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు. వెడల్పు దొరుకుతుంది. కానీ ‘గడువు దగ్గరపడింది, ఎలాగోలా అప్‌లోడ్ చెయ్’ అనే తొందరలో ‘ఎందుకు’ అన్న ప్రశ్న పక్కకు పోయే ప్రమాదం ఉంది.

చట్టం కొత్తది... అదే మీ అవకాశం

ఈ చర్చ పదేళ్ల కిందట వచ్చి ఉంటే ‘సీనియర్ల అనుభవం ఉన్న పెద్ద ఆఫీసే మేలు’ అని తేల్చేయొచ్చు. ఇప్పుడు పరిస్థితి మారింది.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 819 సెక్షన్లున్న చోట ఇప్పుడు 536. 47 అధ్యాయాలు 23 అయ్యాయి. ‘ప్రీవియస్ ఇయర్’, ‘అసెస్‌మెంట్ ఇయర్’ అనే జంట పదాలు పోయి ‘ట్యాక్స్ ఇయర్’ వచ్చింది. ప్రతి ఉద్యోగికీ నోటికొచ్చిన 80సీ ఇప్పుడు సెక్షన్ 123. కాంట్రాక్టర్‌కి 194సీ, అద్దెకి 194ఐ, ఫీజులకి 194జే అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్న టీడీఎస్ సెక్షన్లు, జీతాలవి మినహా, చాలావరకు 393 కిందికి చేరాయి.

పన్ను సూత్రాలు పెద్దగా మారలేదు, చిరునామాలు మారాయి. ఇరవై ఏళ్ల సీనియర్ కూడా కొత్త సెక్షన్ నంబరు కోసం పట్టిక తెరవాల్సిందే. ఆయన అనుభవం ఆయనకు ఉంటుంది. కానీ కంఠస్థం విషయంలో మాత్రం ఆయనా మీరూ ఒకే గీత మీద నిలబడ్డారు. పైగా 2025–26 ఆదాయానికి రిటర్ను పాత చట్టం కిందే వేయాలి. 2026 ఏప్రిల్ నుంచి జరిగే లావాదేవీలకు కొత్త చట్టం. పాత కేసులు, అప్పీళ్లు ఇంకా కొన్నేళ్లు పాత చట్టం ప్రకారమే నడుస్తాయి. అంటే ఇప్పుడు చేరే ఆర్టికల్ టేబుల్ మీద రెండు చట్టాలూ ఉంటాయి. రెండింటినీ జతచేసి చదవగలిగిన కుర్రాడు, అమ్మాయి ఏ ఆఫీసుకైనా కావాలి.

జీఎస్టీలోనూ అంతే. 2017 జులై 1న మొదలైన ఈ పన్నులో 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయి 5, 18 శాతాలు మిగిలాయి. కొన్ని విలాస, హానికర వస్తువులకు 40 శాతం పెట్టారు.

మన ఊరే ట్యాక్స్ పాఠం

‘మాది మెట్ట ఊరు, కార్పొరేట్ ట్యాక్స్ మాకేం తెలుసు’ అని వెనకడుగు వేసేవాళ్లు ఒకసారి చుట్టూ చూడండి. పుస్తకంలోని కష్టమైన అధ్యాయాలు చాలావరకు మీ ఇంటి చుట్టూనే నడుస్తున్నాయి.

సిమెంటు: జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి ఉంది కాబట్టే జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ముందు రోజు వరకు 28 శాతం పన్ను కట్టి కొన్న బస్తాలు డీలర్ గోడౌన్‌లో ఉన్నాయి. మర్నాడు అమ్మింది 18 శాతానికి. మిగిలిపోయిన క్రెడిట్ ఏమవుతుంది? లెడ్జర్‌లోనే ఉంటుంది, తర్వాతి అమ్మకాల మీద వాడుకోవచ్చు. కొన్నదీ అమ్మిందీ ఒకే సరుకు కాబట్టి రేటు తగ్గిందన్న కారణంతో రీఫండ్ రాదు. ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం గెలిచినట్టే.

అదే సున్నపురాయిది ఇంకో కథ. గనులకు కట్టే రాయల్టీ పన్నా, కాదా? 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో ‘రాయల్టీ పన్ను కాదు’ అని చెప్పింది. ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. రాష్ట్రాలు అలా వేసిన పన్నుల పాత బాకీలను 2005 ఏప్రిల్ 1 నుంచి లెక్కగట్టి, 2026 ఏప్రిల్ 1 నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసుకోవచ్చని ఆగస్టులో స్పష్టం చేసింది. గని ఉన్న ఏ కంపెనీకైనా ఈ తీర్పు ముఖ్యమే.

పత్తి: రైతు దగ్గర పత్తి కొన్న జిన్నింగ్ మిల్లుకు జీఎస్టీ ఎవరు కట్టాలి? అమ్మినవాడు రైతు కాబట్టి కొన్న మిల్లే రివర్స్ చార్జ్ కింద 5 శాతం కట్టాలి. 2017 నవంబరు నుంచి ఇదే పద్ధతి. కట్టి మళ్లీ క్రెడిట్ తీసుకుంటుంది. కాగితం మీద పాయింటే కదా అనిపిస్తుంది. కానీ ముందు డబ్బు కట్టాలి, అదీ నగదుగా. కొనుగోళ్ల సీజన్‌లో మిల్లు చేతిలో నగదు ఎంత బిగుసుకుంటుందో నందిగామ, కంచికచర్ల వైపు పిల్లలకు చెప్పక్కర్లేదు.

సరిహద్దు: 2014 జూన్ 2కి ముందు జగ్గయ్యపేట వ్యాపారి కోదాడకు సరుకు పంపితే ఒకే రాష్ట్రంలో అమ్మకం. ఆ తర్వాత అంతర్రాష్ట్ర అమ్మకం. అప్పుడు సీఎస్టీ, ఇప్పుడు ఐజీఎస్టీ. ఊళ్లు కదల్లేదు, పన్ను మారిపోయింది. జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల పాత్ర పోయింది. 2018 ఏప్రిల్ నుంచి అంతర్రాష్ట్ర రవాణాలో రూ.50 వేలు దాటిన సరుకుకు ఈ–వే బిల్లు తప్పనిసరి. గరికపాడు దగ్గర ఆగే లారీ డ్రైవర్ చేతిలోని కాగితమే మీ ఇన్‌డైరెక్ట్ ట్యాక్స్ పాఠం.

పొలం: అన్నిటికన్నా ఎక్కువ మందిని తాకేది ఇదే. వ్యవసాయ భూమి అమ్మితే పన్ను లేదని ఊళ్లో అందరూ అంటారు. సగమే నిజం. గ్రామీణ వ్యవసాయ భూమికే ఆ వెసులుబాటు. పది వేలు దాటి లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా గాలిలో కొలిస్తే రెండు కిలోమీటర్ల లోపు పొలం ఉంటే అది పన్ను దృష్టిలో క్యాపిటల్ ఆస్తే. 2011 లెక్కల్లో జగ్గయ్యపేట జనాభా యాభై వేల పైచిలుకు. అంటే రెండు కిలోమీటర్ల గీతకు ఇవతల ఉన్న రైతు పన్ను కడతాడు, అవతల ఉన్న రైతు కట్టడు. హైవే పక్క ఎకరం ధర చూస్తే ఈ గీత విలువ అర్థమవుతుంది. కృష్ణ అవతల అమరావతిలో భూ సమీకరణకు పొలాలిచ్చిన రైతుల కోసమైతే 2017 ఫైనాన్స్ చట్టంతో పాత చట్టంలో 10(37ఏ) అనే ప్రత్యేక క్లాజే చేర్చారు. 2014 జూన్ 2 నాటికి భూమి ఉన్నవారికి ఆ మినహాయింపు.

ఇవన్నీ పెద్ద సంస్థల ఇంటర్వ్యూల్లో మీకే చెల్లే ఉదాహరణలు. నగరంలో పెరిగిన అభ్యర్థి రివర్స్ చార్జ్ నిర్వచనం చెబుతాడు. మీరు మిల్లు గేటు దగ్గర అది ఎలా నడుస్తుందో చెప్పగలరు.

పేరు ఒక్కటే కాపాడదు

పెద్ద పేరు మీద భ్రమ ఉన్నవాళ్లు హైదరాబాద్ చరిత్రలో ఒక తేదీ గుర్తుంచుకోవాలి. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లేఖ బయటికొచ్చిన రోజు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవని, వచ్చినట్టు చూపిన రూ.376 కోట్ల వడ్డీ కూడా లేదని అందులో ఉంది. ఆ కంపెనీకి ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్. 2018 జనవరిలో సెబీ ఆ నెట్‌వర్క్ సంస్థలను లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నుంచి రెండేళ్లపాటు నిషేధించింది. 2019 సెప్టెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ శాట్ ఆ నిషేధాన్ని కొట్టేసింది.

ఇందులో ట్యాక్స్ ఆర్టికల్‌కి ఒక పాఠం ఉంది. డిపాజిట్ మీద కంపెనీకి వడ్డీ వస్తే బ్యాంకు టీడీఎస్ కోస్తుంది. కోసినదానికి లెక్క పన్ను శాఖ దగ్గర ఉంటుంది. పుస్తకాల్లో వడ్డీ ఉండి, దానికి తగ్గ టీడీఎస్ లేకపోతే ఆ వడ్డీ ఎక్కడిది? మొదటి నెలలో మీకు విసుగు పుట్టించే ఆ సరిచూసే పని నిజానికి ఇలాంటి ప్రశ్న అడగడానికే. అది అంకెలు కలిపే పనిగా చేస్తే మిమ్మల్ని రేపు సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. ఇప్పటికే పోర్టల్ చాలా అంకెలు తానే నింపుతోంది. తేడా ఎందుకొచ్చిందని అడిగేవాడిగా చేస్తే మీ అవసరం పెరుగుతుంది. ఈ అలవాటు పెద్ద ఆఫీసులో రావచ్చు, చిన్న ఆఫీసులోనూ రావచ్చు.

డబ్బు, గంటలు

ఇంటి పరిస్థితి పక్కనపెట్టి నిర్ణయం తీసుకోలేం. కనీస స్టైపెండ్‌ను ఐసీఏఐ ఊరి జనాభాను బట్టి నిర్ణయిస్తుంది. 20 లక్షలు, ఆపైన ఉన్న నగరాలు ఒక మెట్టు, నాలుగు నుంచి 20 లక్షలు రెండో మెట్టు, నాలుగు లక్షల లోపు మూడోది. హైదరాబాద్ పై మెట్టు, విజయవాడ మధ్యది, మన ఊళ్లు కింది మెట్టు. పాత విధానంలో మొదటి ఏడాది కనీసం పై మెట్టులో నెలకు రూ.2,000, కింది మెట్టులో రూ.1,000 ఉండేది. కొత్త విధానంలో పెంచారు. అయినా ఇది కనీసం మాత్రమే. పెద్ద సంస్థలు దీనికి చాలా ఎక్కువే ఇస్తాయి. కానీ హైదరాబాద్ హాస్టల్, భోజనం, ప్రయాణం తీసేశాక ఎంత మిగులుతుందో కాగితం మీద రాసి చూడండి. ఊళ్లో తక్కువ స్టైపెండ్‌తో ఇంట్లో ఉండటం, నగరంలో ఎక్కువ స్టైపెండ్‌తో అద్దెకుండటం చివరికి ఒకే దగ్గర తేలొచ్చు.

గంటల సంగతి ఇంకా ముఖ్యం. ఆర్టికల్‌కి వారానికి 35 గంటల పని అన్నది ఇన్‌స్టిట్యూట్ లెక్క. ట్యాక్స్ ఆడిట్ సీజన్‌లో ఆ లెక్క చాలాచోట్ల కాగితం మీదే ఉంటుంది. 2024 జులైలో పుణెలో ఒక పెద్ద సంస్థలో నాలుగు నెలల కిందట చేరిన 26 ఏళ్ల యువ సీఏ చనిపోయింది. పని ఒత్తిడే కారణమంటూ తల్లి రాసిన లేఖ సెప్టెంబరులో బయటికి రావడంతో దేశమంతా చర్చ జరిగింది. సంస్థ ఆ వాదనతో ఏకీభవించలేదు. జాతీయ మానవ హక్కుల సంఘం తనంతట తానుగా కేసు తీసుకుంది. భయపెట్టడానికి కాదు ఈ మాట. ఇంటికి దూరంగా, మొదటి ఉద్యోగంలో, ‘కాదు’ అనడం చేతకాని వయసులో ఉన్న మీరు నిద్ర, తిండి విషయంలో గీత ముందే గీసుకోవాలి. ఆరోగ్యం బాగోకపోతే ఇంట్లో దాచొద్దు.

ఎలా తేల్చుకోవాలి?

ట్యాక్స్‌లోనే స్థిరపడాలన్న ఇష్టం గట్టిగా ఉండి, అంతర్జాతీయ పన్నులు, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ లాంటి ప్రత్యేక విభాగాలు కావాలంటే పెద్ద సంస్థకు ప్రయత్నించండి. అవి చిన్న ఆఫీసులో దొరకవు. ఇంకా ఏ విభాగమో తేలలేదు, సొంత ప్రాక్టీసు పెట్టాలని ఉంది అంటే విజయవాడ, గుంటూరు, హైదరాబాద్‌లలోని మధ్యతరహా సంస్థ చాలామందికి సరిపోతుంది. అక్కడ కంపెనీ ఫైలూ ఉంటుంది, మిల్లు ఫైలూ ఉంటుంది. ఊళ్లోని ఆఫీసులో చేరేట్టయితే ఆడిటర్ గారు రిటర్నులతో పాటు నోటీసులకు జవాబులు, అప్పీళ్లు కూడా చూస్తారా అని కనుక్కోండి. అవి చూస్తే ఆ ఆఫీసు చిన్నది కాదు.

ఒకసారి రిజిస్టర్ అయ్యాక ‘నచ్చలేదు’ అని ఎప్పుడంటే అప్పుడు మారడం కుదరదు. ఇన్‌స్టిట్యూట్ నిబంధనలు దాటాలి. కాబట్టి చేరే ముందే ఇవి అడగండి:

• నన్ను ఏ టీమ్‌లో వేస్తారు? రెండేళ్లలో ఇంకో టీమ్‌కి మారే వీలుందా?
• గత ఏడాది ఇక్కడ ట్యాక్స్ ఆర్టికల్స్ ఏ ఫైళ్ల మీద పనిచేశారు?
• నోటీసుకు జవాబు చిత్తుప్రతి ఆర్టికల్స్ చేత రాయిస్తారా?
• నేను చేసిన పనిని ఎవరు చూసి తప్పులు చెబుతారు?
• సీజన్‌లో పని గంటలు ఎలా ఉంటాయి? పరీక్షకు, ఆరోగ్యానికి సెలవు ఎలా ఇస్తారు?

ఇవే ప్రశ్నలు అక్కడ ప్రస్తుతం చేస్తున్న ఆర్టికల్‌ని కూడా అడగండి. రెండు జవాబులూ కలిస్తే ధైర్యంగా చేరొచ్చు. కలవకపోతే ఆలోచించాలి.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

ఎక్సెల్‌లో పివట్, లుకప్ చేతికి రావాలి. కొత్త చట్టం, పాత చట్టం సెక్షన్ల పట్టిక ఒకటి సొంతంగా రాసుకోండి. ఎవరో చేసింది డౌన్‌లోడ్ చేస్తే గుర్తుండదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఇంగ్లిష్ బెరుకు సహజమే. కానీ ట్యాక్స్‌లో కావాల్సింది గడగడా మాట్లాడటం కన్నా, తిన్నగా రాయడం. ‘వాస్తవం ఇది, సెక్షన్ ఇది, కాబట్టి మా జవాబు ఇది’ అని పది లైన్లలో రాయగలిగితే చాలు. రోజుకొకటి రాసి చూడండి.

చివరగా ఒక అభ్యాసం. మీ ఇంట్లోనో బంధువుల దగ్గరో ఉన్న పాత దస్తావేజు ఒకటి అడిగి తీసుకోండి. ఆ స్థలం ఈ రోజు అమ్మితే పన్ను ఎంత? వ్యవసాయ భూమి అయితే మున్సిపాలిటీ హద్దుకు ఎంత దూరం? 2001కి ముందు కొన్నదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ ఎంత? 2024 జులై 23కి ముందు కొన్న స్థలం, ఇల్లు అమ్మే వ్యక్తులకు 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కలో ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. మీరు లెక్కగట్టే స్థలానికి ఏది తక్కువ? రెండు పేజీల్లో రాసి, ఊళ్లోని ఆడిటర్ గారికి చూపించండి. ఆయన ఎర్ర పెన్నుతో ఎక్కడ గీశారో చూసుకోండి. పెద్ద ఆఫీసుకు వెళ్లినా, ఊళ్లోనే ఉన్నా రెండేళ్లూ మీరు చేయబోయే పని అదే.